ఫాల్ట్ దీపం ఒకటే, రోగాలు మూడు: విశాఖ పంపుహౌస్‌లో యాక్చుయేటర్ల కేసు

వినాయక చవితికి వారం ముందు ఫోన్ వచ్చింది. పరవాడ వైపు ఒక ప్లాంటు, మెయింటెనెన్స్ ఇంజనీరు మాట్లాడుతున్నారు. "మా సీ వాటర్ పంపుహౌస్‌లో మూడు డిశ్చార్జ్ వాల్వులూ టార్క్ మీద ట్రిప్ అవుతున్నాయండీ. యాక్చుయేటర్ల బలం సరిపోవడం లేదు. ఒక సైజు పెద్దవి వెయ్యడానికి కొటేషన్ కావాలి."

కొటేషన్ రాసిచ్చేస్తే నాకు లాభమే. వాల్వులను తిప్పే కరెంటు మోటారు పెట్టెలే యాక్చుయేటర్లు. ఆటోనగర్‌లో చిన్న షెడ్డు పెట్టుకుని పద్దెనిమిదేళ్లుగా వీటితోనే పని. కొత్త యాక్చుయేటరు అమ్మితే వచ్చేది పాతది బాగుచేస్తే రాదు. కానీ మూడూ ఒకేసారి బలహీనపడ్డాయంటే మనసు ఒప్పుకోలేదు. ఏడేళ్లు ఇవే వాల్వులను ఇవే యాక్చుయేటర్లు తిప్పాయి కదా? "ముందు ఒకసారి చూస్తానండీ, కొటేషన్ తర్వాత" అన్నాను. ఆయనకు అది అంతగా నచ్చలేదని గొంతులోనే తెలిసింది.

అక్కడున్న ఏర్పాటు

మూడు పంపులు: ఏ, బి, సి. రెండు నడుస్తుంటే ఒకటి స్టాండ్‌బై. ఒక్కో పంపు డిశ్చార్జ్‌లో 600 మిల్లీమీటర్ల బటర్‌ఫ్లై వాల్వు (పైపు మధ్యలో గుండ్రటి డిస్క్ తిరిగి తెరుచుకునేది, మూసుకునేది), రబ్బరు సీటుది. దాని మీద క్వార్టర్ టర్న్ గేర్‌బాక్స్, ఆ పైన 415 వోల్టుల త్రీ ఫేజ్ ఎలక్ట్రిక్ యాక్చుయేటరు. గేర్ నిష్పత్తి 104కి 1. అంటే యాక్చుయేటరు 26 చుట్లు తిరిగితే వాల్వు డిస్క్ పావు చుట్టు తిరిగి పూర్తిగా మూసుకుంటుంది. పట్టే సమయం ఒక నిమిషం.

నీళ్లు వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వు ఇక్కడ విడిగా లేదు. ఆ పని కూడా ఈ బటర్‌ఫ్లైదే. పంపు ఆపాలంటే ముందు వాల్వు మూసుకోవడం మొదలవుతుంది. ఇంకా 15 శాతం తెరిచి ఉండగా పంపు మోటారు ఆగుతుంది. ఆ తర్వాత వాల్వు పూర్తిగా మూసుకుంటుంది. ఈ వరుస తప్పితే హెడరులో (పంపులన్నీ కలిసే పెద్ద పైపు) ఉన్న నీళ్లు ఆగిన పంపులోకి వెనక్కి వచ్చి దాన్ని తిరగలిలా ఎదురు తిప్పుతాయి. నన్ను పిలవడానికి అసలు కారణం కూడా అదే. ఆ ముందు రాత్రి బి పంపు ఆపితే, షాఫ్ట్ ఆగినట్టే ఆగి వెనక్కి తిరగడం మొదలుపెట్టిందట. ప్యానెల్ మీద వాల్వు మాత్రం 'క్లోజ్డ్' అని చూపిస్తోంది.

టార్క్ ట్రిప్ అంటే ఏమిటో కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ల కోసం రెండు మాటలు. టార్క్ అంటే తిప్పే బలం. యాక్చుయేటరు లోపల మోటారు ఒక వార్మ్‌ను తిప్పుతుంది, వార్మ్ ఒక చక్రాన్ని తిప్పుతుంది. వాల్వు మొరాయిస్తే చక్రం ఆగిపోతుంది. మోటారు ఆగదు కాబట్టి వార్మ్ పక్కకు జరుగుతుంది. దాన్ని డిస్క్ స్ప్రింగులు పట్టి ఉంచుతాయి. ఎంత బలం పడితే అంత జరుగుతుంది. మనం పెట్టిన గీత దాకా జరిగితే స్విచ్ పడి, మోటారుకు కరెంటిచ్చే కాంటాక్టరు వదిలేస్తుంది. అంతే. ఈ స్విచ్ ఒక కాపలాదారు. గేట్ వాల్వుల్లో అయితే దీనికి ఇంకో ఉద్యోగం కూడా ఉంది, వెడ్జ్ గట్టిగా కూర్చున్నాక మోటారును ఆపేది ఇదే. రబ్బరు సీటు బటర్‌ఫ్లైలో ఆపాల్సింది లిమిట్ స్విచ్, అంటే వాల్వు చివరికి చేరగానే పడే స్విచ్. టార్క్ స్విచ్ అక్కడ ఆపద కోసమే ఉంటుంది.

ముందు కాగితం, తర్వాత స్పానరు

వెళ్లగానే కవరు విప్పలేదు. కంట్రోల్ రూములో కూర్చుని రెండు నెలల ట్రెండ్ అడిగాను. ప్రతి వాల్వు పొజిషనూ 4–20 మిల్లీ ఆంప్స్ సిగ్నల్‌గా డీసీఎస్‌లోకి, అంటే కంట్రోల్ రూము కంప్యూటరులోకి వెళ్తుంది కాబట్టి, ట్రిప్ అయిన క్షణంలో వాల్వు ఎక్కడుందో అందులో దొరుకుతుంది. ఆ సంగతి ఎవరూ చూడలేదు. అలారం లిస్టులో 'టార్క్ ఫాల్ట్' అని ఉంటే, 'టార్క్ ఎక్కువైంది' అని చదువుకుని ఊరుకున్నారు.

ఆపరేటరు ఒక్కొక్కటే తీసి చదువుతుంటే నేను నోట్‌బుక్‌లో మూడు నిలువు గీతలు గీసి రాసుకున్నాను. అరగంటకే బొమ్మ తేలింది. 'ఏ' వాల్వు ట్రిప్పులన్నీ 18 నుంచి 22 శాతం మధ్యే, ఒక్కటీ తప్పలేదు. సి వాల్వువి ఎక్కువ భాగం సున్నా, ఒకటి శాతం దగ్గర, అంటే దాదాపు మూసుకున్నాక. మిగిలినవి బి, సి రెండింటిలోనూ చెల్లాచెదురుగా ఉన్నాయి: 64, 41, 83, 37. ఇలా ఎక్కడపడితే అక్కడ ఆగినవి దాదాపు అన్నీ తెల్లవారుజామున, మూడు నుంచి ఏడు గంటల మధ్య. ఇంకో విచిత్రం, బి వాల్వులో గత మూడు వారాలుగా అసలు ట్రిప్పులే లేవు.

ఈ చివరిదే నన్ను ఎక్కువగా భయపెట్టింది. అంత వరకూ వారానికి రెండుసార్లు ఏడ్చిన వాల్వు ఒక్కసారిగా బుద్ధిగా మారిపోయిందంటే, ఎవరో దాని నోరు నొక్కారని అర్థం.

బి: ఎర్ర వైరు ముక్క

బి యాక్చుయేటరు టెర్మినల్ కవరు విప్పాం. నాలుగు బోల్టులు తియ్యగానే లోపలి నుంచి ఉప్పు వాసన. టెర్మినళ్ల తలల మీద పచ్చటి చిలుము, అడుగున రెండు స్పూన్ల నీళ్లు. మల్టీకోర్ కేబుల్‌లో బూడిదరంగు వైర్ల మధ్య, బెత్తెడు పొడవున్న ఒక ఎర్ర వైరు ముక్క రెండు టెర్మినళ్లను కలుపుతోంది. చివరలు పళ్లతో కొరికి ఒలిచినట్టున్నాయి. క్లోజ్ టార్క్ స్విచ్‌ను దాటవేసిన జంపరు అది.

అక్కడ నిలబడ్డ కాంట్రాక్ట్ ఎలక్ట్రీషియన్ కుర్రాడు దాన్ని చూసి తల దించుకున్నాడు. అప్పుడేమీ అనలేదు. టీ తాగేటప్పుడు తనే చెప్పాడు. "రాత్రి మూడింటికి పంపు ఆపాలంటారు సార్. వాల్వు మధ్యలో ఆగిపోతాది. చేతి చక్రం తిప్పితే ఈజీగానే తిరుగుతాది. మరి టార్క్ ఏటి సార్, స్విచ్చే పోయిందనుకున్నాను. రేపు మార్చేద్దామని వైరు కట్టీసేను. రేపు రాలేదు."

"నీ తప్పు వైరు కట్టడంలో లేదు తమ్ముడూ, పుస్తకంలో రాయకపోవడంలో ఉంది" అన్నాను. రాసే పుస్తకమే అక్కడ లేదని తర్వాత తెలిసింది. నిజానికి అతను సగం కరెక్టే. వాల్వు బరువుగా లేదు. స్విచ్ కాంటాక్ట్ మీద చిలుము పట్టి సర్క్యూట్ తెగుతోంది. టార్క్ స్విచ్ సాధారణంగా మూసి ఉండే కాంటాక్ట్. అది బలం వల్ల తెరుచుకున్నా, చిలుము వల్ల తెగినా ప్యానెల్‌కు ఒకటే, 'టార్క్ ఫాల్ట్' దీపం వెలిగిస్తుంది. పైగా ఇక్కడ కంట్రోల్ 24 వోల్టుల డీసీ. అంత చిన్న వోల్టేజీకి ఆ పొరను చీల్చుకుని పోయే శక్తి ఉండదు. రాత్రి చల్లబడి లోపల తేమ పట్టినప్పుడు మరీను.

జంపరు కట్టాక ఏమైందో లెక్క చూద్దాం. వాల్వు డేటా షీట్ ప్రకారం గరిష్ఠ ఒత్తిడిలో మూసుకోవడానికి 3200 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి. గేర్‌బాక్స్ నిష్పత్తి 104 అయినా వార్మ్ రాపిడిలో సగానికి పైగా పోతుంది. తయారీదారు ఇచ్చిన లెక్కలో యాక్చుయేటరు టార్క్‌ను 40తో గుణిస్తే వాల్వు షాఫ్ట్ మీద పడేది వస్తుంది. అంటే యాక్చుయేటరు దగ్గర 80 చాలు. దాని మీద 30 శాతం ఎక్కువ వేసుకుంటే 104. మొదట కమిషన్ చేసినవాళ్లు 105 దగ్గర పెట్టారు, సరైన పనే. యాక్చుయేటరు గరిష్ఠ సెట్టింగ్ 120.

టార్క్ స్విచ్ లేకపోతే మోటారు ఆ 120 దగ్గర ఆగదు. అడ్డం వస్తే స్టాల్ అయ్యేదాకా నెడుతుంది. స్టాల్ టార్క్ రేటింగ్‌కు రెట్టింపు దాకా పోవచ్చు. 240ని 40తో గుణిస్తే 9600. ఈ వాల్వు షాఫ్ట్‌కు, పిన్నులకు అనుమతించింది 6000. మోటారులో థర్మల్ రక్షణ ఉంది కదా అని ఇంజనీరు అడిగారు. ఉంది. కానీ అది వైండింగ్ వేడెక్కాక పనిచేస్తుంది, దానికి సెకండ్లు పడతాయి. పిన్ను తెగడానికి అంత టైము అక్కర్లేదు. థర్మల్ స్విచ్ మోటారును కాపాడుకుంటుంది, వాల్వు గురించి దానికి బెంగ లేదు.

లైను ఖాళీ చేసి స్పూల్ పీసు (విప్పదీయగల పైపు ముక్క) దించాం. డిస్క్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే రెండు టేపర్ పిన్నుల్లో ఒకటి లేనే లేదు, రెండోది మధ్యకు తెగి ఉంది. షాఫ్ట్ ఒక్కటే తిరుగుతోంది. పైన ఇండికేటరు, పొజిషన్ సిగ్నల్ రెండూ షాఫ్ట్‌నే నమ్ముతాయి కాబట్టి 'క్లోజ్డ్' అని చూపించాయి. డిస్క్ మాత్రం సగం తెరుచుకుని ఉండిపోయింది. దాని అంచున వేలెడు పొడవున నొక్కు, ఆ నొక్కులో తెల్లటి పిండి. సముద్రపు గుల్లల పెచ్చు ఒకటి పైపు గోడ నుంచి ఊడి వచ్చి సీటుకు, డిస్క్‌కు మధ్య ఇరుక్కుంది. కాపలాదారు ఉంటే అక్కడే ఆగి కేక వేసేవాడు.

ఏ: నేను తప్పుగా ఊహించింది

బిలో గుల్లలు చూశాక 'ఏ' వాల్వు సంగతి తేలిపోయిందనుకున్నాను. ఎప్పుడూ 20 శాతం దగ్గరే ఆగుతోంది, అంటే సీటు చుట్టూ గుల్లలు పట్టి డిస్క్ అంచు వాటికి తగులుతోంది. అందరి ముందూ అలాగే చెప్పేశాను. పంపు ఆపి మ్యాన్‌హోల్ తీసి టార్చ్ వేస్తే సీటు దగ్గర గోరుతో గీకితే పోయేంత పలచటి పొర. పరువు పోయిందనే చెప్పాలి.

వెనక్కి వచ్చి మళ్లీ ఆలోచించాను. ఎలక్ట్రీషియన్లందరూ చెప్పేది ఒకటే, "చేత్తో తిప్పితే ఈజీగా తిరుగుతోంది" అని. ఎప్పుడు తిప్పారు? వాల్వు మొరాయించాక, ఎమర్జెన్సీ బటన్‌తో పంపు ఆపేశాక! అప్పటికి డిస్క్ మీద ఒత్తిడి పోయింది. పంపు నడుస్తుండగా మూస్తే చివర్లో డిస్క్‌కు రెండు వైపులా ఒత్తిడి తేడా పెరుగుతుంది. ఆ తేడా మొత్తం డిస్క్‌ను, దానితో షాఫ్ట్‌ను ఒక పక్కకు నెట్టి బుష్షుల (షాఫ్ట్‌ను మోసే గొట్టాల్లాంటి బేరింగులు) మీద పడుతుంది. బుష్ బాగుంటే షాఫ్ట్ జారిపోతుంది, పాడైతే పట్టేస్తుంది.

అందుకే పంపు నడుస్తుండగా చక్రం తిప్పి చూడాలన్నాను. షిఫ్ట్ ఇన్‌ఛార్జి దగ్గర పర్మిట్ తీసుకుని, యాక్చుయేటరు కరెంటు లాక్ చేసి, ఎమర్జెన్సీ బటన్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టాం. మా హెల్పరు క్లచ్ లివరు నొక్కి చక్రం పట్టుకున్నాడు. పైకి లెక్కపెట్టమన్నాను. ఒకటి నుంచి పద్దెనిమిది దాకా మాట్లాడుతూ తిప్పాడు. పందొమ్మిదికి మాట ఆగింది. ఇరవైకి కాలు గోడకు తన్నిపెట్టాడు. ఇరవై ఒకటో చుట్టు సగంలో, "ఇంక నా వల్ల కాదన్నా" అని చేతులు వదిలేశాడు. 26లో ఇంకా ఐదున్నర చుట్లు మిగిలాయి, అంటే దాదాపు 21 శాతం. 400 మిల్లీమీటర్ల చక్రం మీద 120 న్యూటన్ మీటర్లంటే రెండు చేతులతో చెరో ముప్పై కిలోల బలం. మావాడు రోజూ గ్యాస్ సిలిండర్లు మోసే మనిషి. చక్రం మళ్లీ వెనక్కి తిప్పి వాల్వు తెరిచేశాం.

వెంటనే పంపు ఆపి ఇంకోసారి తిప్పించాను. ఇరవయ్యారు చుట్లూ ఒకటే చేత్తో తిప్పేశాడు.

ఇక్కడ కూడా ఎవరో టార్క్ సెట్టింగ్ చక్రాన్ని 105 నుంచి స్కేలు చివరికి, 120కి తిప్పి ఉంచారు. అయినా ట్రిప్ అవుతోందంటే షాఫ్ట్ మీద 4800 దాటుతోందన్నమాట. 3200 కావాల్సిన చోట 4800. ఒక సైజు పెద్ద యాక్చుయేటరు వేసి ఉంటే వాల్వు మూసుకునేదే. కొన్నాళ్ల తర్వాత షాఫ్ట్ తెగేది, అంతే తేడా.

వాల్వు షెడ్డుకు తెచ్చి విప్పితే కింది బుష్ లోపలి లైనింగ్ చీలికలై ఊడిపోయింది. షాఫ్ట్ సీలు గట్టిపడి పగలడంతో ఉప్పునీళ్లు, సన్న ఇసుక లోపలికి పోయాయి. ఇసుక ఆకురాయిలా షాఫ్ట్‌ను గీరింది. షాఫ్ట్ పాలిష్ చేయించి, బుష్షులు, సీళ్లు మార్చాం.

బిగించాక పరీక్ష కోసం టార్క్ స్విచ్‌నే కొలబద్దగా వాడాను. టార్క్ కొలిచే ఖరీదైన పరికరాలు నా దగ్గర లేవు, చాలాసార్లు అక్కర్లేదు కూడా. సెట్టింగ్‌ను 70కి తగ్గించి, పంపు నడుస్తుండగా కరెంటు మీద మూయించాం. ట్రిప్ లేకుండా మూసుకుంది. అంటే షాఫ్ట్ మీద 2800 కూడా పడలేదు. అప్పుడు మళ్లీ 105కి పెట్టి పెయింటుతో గీత గీశాను. చాలామంది క్లాంప్ మీటర్‌తో మోటారు కరెంటు చూసి టార్క్ చెప్పేస్తుంటారు. నేను దాన్ని అంతగా నమ్మను. ఇంత చిన్న ఇండక్షన్ మోటారు ఖాళీగా తిరిగినా ఫుల్ లోడ్ కరెంటులో సగానికి మించి తీసుకుంటుంది. మధ్యలో పెరిగే కాస్త తేడా కంటికి ఆనదు.

సి: స్టాప్ స్క్రూ

సి కథ చిన్నది. అంతకుముందు సీటు రింగు మార్చినప్పుడు ఫిట్టరు గేర్‌బాక్స్ క్లోజ్ స్టాప్ స్క్రూను కొంచెం లోపలికి బిగించాడు. యాక్చుయేటరు లిమిట్ స్విచ్ మాత్రం పాత చోటే ఉంది. లిమిట్ పడాల్సిన చోటుకు ముందే గేర్‌బాక్స్ స్టాప్‌కు గుద్దుకుంటోంది, టార్క్ మీద ఆగుతోంది. వాల్వు మూసుకుంది కానీ 'క్లోజ్డ్' సిగ్నల్ రాలేదు కాబట్టి తర్వాతి స్టార్ట్‌కు పర్మిషన్ దొరకదు. మెకానికల్ వాళ్లు ఒకటి తిప్పారు, ఎలక్ట్రికల్ వాళ్లకు చెప్పలేదు. ఈ కేసు నేను నెలకొకటి చూస్తాను. స్క్రూ సరిచేసి, స్టాప్‌కు ముప్పావు చుట్టు ముందే లిమిట్ పడేలా పెట్టాం. మోటారు వేగానికి ఆ మిగతాది అదే జారుతుంది.

'స్పేర్' అని రాసి ఉన్న స్విచ్

ఇక మిగిలినవి తెల్లవారుజామున చెల్లాచెదురుగా వచ్చే ట్రిప్పులు. ఇవన్నీ తేమ పనే. కానీ ఐపీ 67 యాక్చుయేటరులోకి నీళ్లెలా వచ్చాయి? ఇంజనీరు కూడా అదే అడిగారు, "మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా దిగకూడదు కదా" అని. పుట్టినప్పుడు అది ఐపీ 67 మాటే. మనం వాడని కేబుల్ రంధ్రానికి, రవాణా కోసం పెట్టిన ఎర్ర ప్లాస్టిక్ మూత ఏడేళ్లుగా అలాగే ఉంది. ఎండకు పెళుసెక్కి, వేలు పెట్టి నొక్కితే లోపలికి పోయింది. ఇంకో పక్క కేబుల్ పై నుంచి నేరుగా గ్లాండ్‌లోకి (కేబుల్ దూరే చోట బిగించే సీలు) దిగుతోంది, వాన నీటికి అది కాలువ.

నీళ్లు కారకపోయినా విశాఖలో తేమ తప్పదు. పగలంతా ఎండకు కాలిన ఇనుప పెట్టె రాత్రి చల్లబడితే లోపలి గాలి ముడుచుకుని బయటి గాలిని పీలుస్తుంది. సముద్రం ఒడ్డున ఆ గాలితో పాటు ఉప్పు కూడా వస్తుంది. అందుకే ప్రతి యాక్చుయేటరులో ఒక చిన్న హీటరు పెడతారు. అది మోటారు ఆగి ఉన్నప్పుడు కూడా వెలుగుతూ లోపల గాలిని బయటి కంటే కాస్త వెచ్చగా ఉంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేక హీటర్లన్నీ చల్లబడిపోయాయి. ఆ తర్వాత నెలంతా మా షెడ్డు ముందు యాక్చుయేటర్లు ఎండుచేపల్లా ఆరబెట్టి ఉండేవి.

ఇక్కడ హీటర్లు పనిచేస్తున్నాయా? "చేస్తున్నాయండీ" అన్నారు. క్లాంప్ మీటరు పెడితే సున్నా. 20 వాట్ల హీటరు 240 వోల్టుల మీద తీసుకునేది 0.08 ఆంపియరు, మామూలు క్లాంప్‌కు అది అందదు. దానికో చిట్కా ఉంది. వైరును క్లాంప్ నోట్లోంచి పది చుట్లు తిప్పితే పది రెట్లు చూపిస్తుంది. పది చుట్లు తిప్పినా సున్నానే.

వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే లోకల్ ప్యానెల్ మూలలో కిందికి దించి ఉన్న 2 ఆంపియర్ల ఎంసీబీ దొరికింది. దాని కింద స్టిక్కరు మీద 'స్పేర్' అని ఉంది. మూడు హీటర్లకూ కలిపి ఇదొక్కటే. ఏదో వాన రాత్రి బి హీటరు కాలి షార్ట్ అయి ఎంసీబీ పడిపోయింది. ఎత్తితే మళ్లీ పడింది, దించేశారు. తర్వాత ప్యానెల్‌కు కొత్త స్టిక్కర్లు వేసినవాళ్లు దించి ఉంది కాబట్టి 'స్పేర్' అని రాశారు. ఎప్పటి నుంచి అలా ఉందో చెప్పగల మనిషి ఆ ప్లాంటులో లేడు.

చేసిన పనులు: హీటర్లకు మూడు వేర్వేరు ఎంసీబీలు, ఓ-రింగు (నీళ్లు ఆపే రబ్బరు వలయం) ఉన్న ఇత్తడి ప్లగ్గులు, డబుల్ కంప్రెషన్ గ్లాండ్లు. కేబుళ్లు గ్లాండ్ కంటే కిందికి దిగి మళ్లీ పైకి ఎక్కేలా వంపు తిప్పాం, వాన చుక్కలు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. చిలుము పట్టిన స్విచ్ బ్లాకుల స్థానంలో బంగారు పూత కాంటాక్టులవి వేశాం, చిన్న వోల్టేజీకి అవే నమ్మకం. మోటార్లకు మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) వేసే ముందు పొజిషన్ కార్డు కనెక్టరు ఊడదీయమని నాలుగుసార్లు చెప్పాను. ఎందుకంటే 500 వోల్టులు పెట్టి ఆ కార్డు కాల్చినవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను. మళ్లీ కరెంటు ఇచ్చేటప్పుడు వాల్వును చేత్తో మధ్యకు తెచ్చి, బటన్ తట్టి వదిలి దిశ చూశాం. ఈ మోడల్‌లో ఫేజ్ తారుమారైతే దానంతట అది సరిదిద్దుకునే ఏర్పాటు లేదు. 'ఓపెన్' నొక్కితే మూసుకుపోతుంది, తెరుచుకునే వైపు లిమిట్, టార్క్ స్విచ్‌లు కాపలా కాస్తుంటే మోటారు ఇటు వైపు దూసుకుపోతుంది. సిలో అలాగే తేలింది, రెండు ఫేజులు మార్చాం.

స్టోర్‌లో ఉన్న స్పేర్ యాక్చుయేటరు కూడా చూపించమన్నాను. టార్పాలిన్ కింద, సిమెంటు నేల మీద, తల కిందులుగా ఉంది. తిరగేస్తే అందులోంచి నీళ్లు కారాయి. స్టోర్ కీపరు గాభరాగా, "సీల్ ఇప్పలేదండీ" అన్నాడు. నిజమే, ఎర్ర ప్లాస్టిక్ మూతలు చెక్కుచెదరలేదు.

పనిలో పనిగా ఒక డ్యాంపరు

ఇంత దాకా వచ్చారు కదా, బాయిలరు పొగను బయటికి లాగే ఐడీ ఫ్యాన్ డ్యాంపరు (ఆ దారిని తెరిచి మూసే బ్లేడ్లు) కూడా చూడండన్నారు. దాని యాక్చుయేటరు రోజుకోసారి వేడెక్కి థర్మల్ మీద ఆగిపోతోంది. ఫర్నేస్‌లో డ్రాఫ్ట్‌ను వాతావరణం కంటే కొంచెం తక్కువగా, మైనస్ 5 నుంచి మైనస్ 10 మిల్లీమీటర్ల నీటి మట్టం దగ్గర ఉంచడం ఆ డ్యాంపరు పని. పక్కన నిలబడి ఒక్క నిమిషం చూస్తే చాలు. టిక్, టిక్ అంటూ అటు ఒక వెంట్రుకవాసి, ఇటు ఒక వెంట్రుకవాసి, ఆగకుండా కొట్టుకుంటోంది.

లివరు పట్టుకుని ఊపాను. యాక్చుయేటరు కదలకుండానే లివరు వేలెడు మందం కదిలింది. లింకు చివర బాల్ జాయింట్లు రెండూ అరిగిపోయాయి. యాక్చుయేటరు కాస్త తిరిగితే ముందు ఆ వదులు నిండాలి, ఆ తర్వాతే బ్లేడు కదులుతుంది. ఈలోపు కంట్రోలరు ఇంకాస్త కదలమంటుంది, కదిలాక ఎక్కువైందని వెనక్కి రమ్మంటుంది. దానికి తోడు డెడ్ బ్యాండ్ (ఇంత తేడా దాకా కదలక్కర్లేదనే హద్దు) 0.5 శాతమే పెట్టారు. పైగా నేమ్ ప్లేటు చదివితే ఎస్2, 15 నిమిషాలు. అంటే తెరవడానికి, మూయడానికి చేసిన మోటారు. రోజంతా సవరిస్తూ ఉండే పనికి ఎస్4 లాంటి డ్యూటీ ఉన్న మాడ్యులేటింగ్ రకం కావాలి. పందెపు ఎద్దును గానుగకు కట్టినట్టుంది.

బాల్ జాయింట్లు మార్చి, డెడ్ బ్యాండ్ 2 శాతానికి పెంచి, డ్రాఫ్ట్ సిగ్నల్‌కు కాస్త ఫిల్టరు పెట్టేసరికి ఆ టిక్‌టిక్‌లు ఆగిపోయాయి. నెలంతా ఒక్క థర్మల్ ట్రిప్ లేదు. అయినా ఇక్కడ మాత్రం కొత్త యాక్చుయేటరు కొనమని నేనే రాసిచ్చాను. ఇంజనీరు నవ్వి, "అడిగిన చోట వద్దన్నారు, అడగని చోట కొనమంటున్నారు" అన్నారు.

డిసెంబరులో ఫోన్

పంపుహౌస్‌లో ఇప్పుడొక రూళ్ల పుస్తకం ఉంది. ట్రిప్ అయితే తేదీ, టైము, వాల్వు ఎంత శాతం దగ్గర ఆగింది, పంపు నడుస్తోందా లేదా అన్నవి రాయాలి. జంపరు కడితే ఎర్ర ఇంకుతో రాసి, ప్యానెల్ హ్యాండిల్‌కు ట్యాగ్ కట్టాలి. ఆ పుస్తకం బాధ్యత ఎర్ర వైరు కుర్రాడికే ఇప్పించాను.

డిసెంబరు రెండో వారంలో అతనే ఫోన్ చేశాడు. "గురువుగారూ, సి వాల్వు పొద్దున ఐదున్నరకి ట్రిప్పైంది. 43 శాతం. పంపు నడుస్తోంది. చోటు ఎప్పటిది కాదు, టైము చూస్తే తేమే అనిపించింది. హీటరు వైరు పది చుట్లు తిప్పి చూసేను, 0.8 వచ్చింది, బాగానే ఉంది. మరి ప్లగ్ ఇప్పి చూసేను సార్..." అని ఆగాడు.

"చెప్పు."

"ప్లగ్ కింద ఓ-రింగ్ లేదు సార్."

సి ప్లగ్గు ఆ రోజు బిగించింది నేనే. ఫోన్ పెట్టేసి టూల్ బాక్స్ బోర్లిస్తే, అడుగున స్పానర్ల కింద నల్లటి ఓ-రింగు ఒకటి, ప్యాకెట్‌లోంచి తీసింది తీసినట్టే ఉంది.